రాలిన కాఫీ కాయకు ధర కట్టండి

సంపాదకుడి గారికి,

నమస్కారం. అరకు లోయ కాఫీ తోటల్లో 2025లో కాయతొలుచు పురుగు కనిపించినప్పుడు పత్రికల్లో వరుసగా వార్తలు వచ్చాయి. పురుగు సోకిన తోటల్లో కాయలు కోయించి నాశనం చేయించడం, ఆ రైతులకు పరిహారం ప్రకటించడం కూడా ఆలస్యం లేకుండా జరిగాయి. అధికారులు అంత త్వరగా కదిలినందుకు మెచ్చుకోవలసిందే. అయితే అప్పటి చర్చంతా చెట్టు మీది కాయ చుట్టూనే తిరిగింది. కోత ముగిశాక మళ్లీ కొత్త కాయ గట్టిపడేదాకా ఈ పురుగు తలదాచుకునేది కొమ్మల్లో మిగిలిపోయిన, చెట్టు కింద రాలి ఎండిన కాయల్లోనే. ఆ కాయలను ఎవరు ఏరాలి, ఏరినవారికి కూలి ఎవరివ్వాలి అన్న ప్రశ్నకు ఇంతవరకు స్పష్టమైన జవాబు రాలేదు. దాన్ని మీ పత్రిక ద్వారా ప్రభుత్వం ముందు, కాఫీ బోర్డు ముందు ఉంచాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఈ పురుగు పుట్టిల్లు భూమధ్యరేఖకు చేరువలో ఉన్న ఆఫ్రికా అడవులు. అక్కడ అడవి కాఫీ మొక్కలు మహావృక్షాల నీడన ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ పెరుగుతాయి. ఉష్ణమండల వర్షారణ్యాల్లో నేల రాలే పండ్లకు లోటుండదు, వాటి మీద ఆధారపడి బతికే పెంకు పురుగులకూ లోటుండదు. కొన్ని కుళ్లిన గుజ్జును తింటాయి, కొన్ని తిన్నగా గింజలోకే తొలుచుకుపోతాయి. తల్లి చెట్టు కింద గుట్టగా పడిన గింజలు ఇలాంటి జీవుల పాలబడుతుంటే, పక్షులో జంతువులో దూరంగా మోసుకుపోయిన గింజ మొలిచి నిలబడుతుందనీ, ఒకే జాతి చెట్టు అడవినంతా ఆక్రమించకపోవడానికి ఇదొక కారణమనీ 1970లో డేనియల్ జాన్‌జెన్, 1971లో జోసెఫ్ కానెల్ అనే జీవావరణ శాస్త్రజ్ఞులు విడివిడిగా ప్రతిపాదించారు. అంటే అడవిలో ఈ పురుగులకు ఒక పని ఉంది. మొక్కలు దూరదూరంగా ఉండడమే అక్కడ వాటికి అదుపు. ఎకరాల కొద్దీ ఒకే మొక్కను వరుసల్లో నాటినచోట మాత్రం ఆ అదుపు ఉండదు. ఒక కాయలోంచి బయటపడిన పురుగుకు మరో కాయ చేతికందేంత దూరంలోనే ఉంటుంది.

కాయతొలుచు పురుగు నల్లగా, ఆవగింజంత ఉంటుంది. ఆడ పురుగు పొడవు రెండు మిల్లీమీటర్లకు మించదు. అది కాఫీ కాయ కొన దగ్గర సూదితో గుచ్చినట్టుండే చిన్న రంధ్రం చేసుకుని లోపలికి వెళ్లి, గింజను తొలిచి అందులోనే గుడ్లు పెడుతుంది. పిల్లల్లో అధిక భాగం ఆడవే. సుమారు పది ఆడ పురుగులకు ఒక మగ పురుగు ఉంటుంది, ఆ మగ పురుగు ఎగరలేదు, పుట్టిన కాయ దాటి రాదు. తోబుట్టువుల మధ్యే కలయిక లోపలే జరిగిపోతుంది కాబట్టి కాయ విడిచి ఎగిరే ప్రతి ఆడ పురుగూ అప్పటికే గుడ్లు పెట్టడానికి సిద్ధంగా ఉంటుంది. కొత్త తోటలో తెగులు మొదలు కావడానికి అలాంటిది ఒక్కటి చాలు. కాఫీ గింజలోని కెఫీన్ చాలా పురుగులకు విషం, దీనికి మాత్రం కాదు. దీని పేగుల్లోని బ్యాక్టీరియా ఆ కెఫీన్‌ను విచ్ఛిన్నం చేస్తుందని 2015లో శాస్త్రజ్ఞులు వెల్లడించారు.

మన ఏజెన్సీలో కాఫీ కోత సాధారణంగా నవంబరులో మొదలై జనవరి, ఫిబ్రవరి దాకా సాగుతుంది. కోసేటప్పుడు చేతిలోంచి జారినవి, పండి తమంతట తామే రాలినవి, కొమ్మ చాటున కంటపడకుండా మిగిలినవి తోటలోనే ఉండిపోతాయి. నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్ల ఆకుల కింద నల్లగా ఎండిపోయిన అలాంటి కాయను, పురుగు సోకిన తోటలోదైతే, గోటితో చీల్చి చూడండి. గింజ ఉండవలసినచోట పొడి రాలుతుంది. ఆ పొడిలో తెల్లని పిల్ల పురుగులు, ఇంకా రంగు ముదరని లేత గోధుమరంగు పెంకు పురుగులు, నల్లబడి ఎగరడానికి సిద్ధమైన ఆడ పురుగులు కలగలిసి కదులుతుంటాయి. ఒక్క ఎండు కాయలో పదుల కొద్దీ ఉంటాయి. వేసవి అంతా అవి అలా ఓపిక పట్టి, వాన పడి కాయ తడిసి గాలిలో తేమ పెరగగానే ఒక్కుమ్మడిగా బయటికొచ్చి చెట్టు మీది కొత్త కాయలను పట్టుకుంటాయి.

మన దేశంలో ఈ పురుగును తొలిసారి 1990లో నీలగిరి జిల్లా గూడలూరు ప్రాంతంలో గుర్తించారు. ఆ తర్వాత వయనాడు, కొడగు తోటలకు పాకింది. హవాయి దీవుల్లోని పేరున్న కోనా తోటల్లో 2010లో బయటపడింది. కాఫీ పండే దేశాల్లో ఇది అడుగుపెట్టనివి ఇప్పుడు అరుదు. ఒకసారి స్థిరపడినచోట దీన్ని పూర్తిగా తుడిచిపెట్టడం చాలా కష్టం, తక్కువ స్థాయిలో అణచి ఉంచడమే సాధ్యం. మందు కొడితే సరిపోతుందనుకోవడానికీ వీల్లేదు. కాయ లోపలికి చేరిన పురుగును మందు అందుకోలేదు. ఒకప్పుడు దీని మీద విరివిగా వాడిన ఎండోసల్ఫాన్‌కు న్యూ కాలెడోనియాలో పురుగే అలవాటు పడిపోయింది. అదే మందు కాసరగోడు జీడిమామిడి తోటల చుట్టుపక్కల గ్రామాలకు ఎంత చేటు చేసిందో, 2011లో సుప్రీంకోర్టు దాన్ని ఎందుకు నిషేధించిందో దేశమంతటికీ తెలుసు. కొండ వాలుల్లో కురిసిన చినుకు గెడ్డలోకే (కొండవాగులోకే) చేరే మన్యంలో, ఆ గెడ్డ నీరే తాగే గ్రామాల ఎగువన మందుల పిచికారీని మొదటి మార్గంగా ఎంచుకోకూడదు. రసాయనాలు లేని పంటగా అరకు కాఫీ సంపాదించుకున్న పేరు కూడా దానితో పోతుంది.

దారి తెలియక కాదు. కోసేటప్పుడు చెట్టు కింద టార్పాలిన్ పట్టాలు పరచడం, కోత ముగియగానే నేల మీదివీ కొమ్మ మీదివీ ఒక్క కాయ మిగలకుండా ఏరడం, పురుగు పట్టిన కాయలను రెండు నిమిషాలు మరిగే నీటిలో ముంచడం, ఆడ పురుగులను ఆకర్షించే ఎరలు కట్టడం, పురుగుకు రోగం తెప్పించే బవేరియా శిలీంధ్రాన్ని వాడడం, ఇవన్నీ కాఫీ బోర్డు ఏళ్ల తరబడి చెబుతున్నవే. వీటిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఏరివేత. అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురయ్యేదీ అదే.

కారణం రైతు బద్ధకం అనడం అన్యాయం. మన్యంలో ఒకటి రెండెకరాల తోట ఉన్న గిరిజన కుటుంబమే ఎక్కువ. నిటారు వాలు మీద ఒంగి, ఆకులు తొలగించుకుంటూ కాయ కాయ ఏరాలంటే ఇంటి ఆడవాళ్లు రోజంతా కష్టపడాలి. సాయంత్రానికి చేతికొచ్చేవి కొద్దిపాటి నల్ల కాయలు. వాటిని మంచి పండుతో కలిపితే సరుకు నాణ్యత చెడుతుంది, విడిగా కొనేవారు లేరు. కూలి గిట్టని పనిని పేద కుటుంబం చేయలేదు. పైగా ఒక రైతు తన తోటను అద్దంలా ఉంచుకున్నా, గట్టు అవతలి తోటలో ఏరకుండా వదిలేసిన కాయల్లోంచి పురుగు ఎగిరి వస్తుంది. ఒకరి శ్రమ ఫలితం పదిమందికి అందే చోట, ఒకరి అశక్తత పదిమందికి నష్టమయ్యే చోట ఖర్చు ప్రభుత్వానిదే కావాలి.

కాబట్టి సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), గిరిజన సహకార సంస్థ, కాఫీ బోర్డు కలిసి, కోత ముగిసిన నాటి నుంచి వేసవి జల్లులు పడే వరకు రాలిన కాయను తూకం వేసి కొనాలి. ఊళ్లోనే, తూకం వేసినచోటే, రైతుల కళ్లెదుట మరిగే నీటిలో ముంచి పురుగును చంపాలి. బస్తాల్లో పోసి దూరం తరలిస్తే దారి పొడవునా పురుగును చల్లినట్టే అవుతుంది. ధర ఆ రోజు కూలికి తగ్గకుండా, మంచి పండు ధరకు మించకుండా ఉంటే, డబ్బు కోసం పండును కావాలని రాల్చే అవసరం ఎవరికీ రాదు. తూకానికి వీలుకానిచోట ఏరివేతను గ్రామీణ ఉపాధి పనుల్లో చేర్చవచ్చు. చెట్టు కింద పరిచే టార్పాలిన్ పట్టాలను ఉచితంగా ఇవ్వాలి. బయటి ప్రాంతాల నుంచి వచ్చే వాడిన గోనె సంచులను మన్యంలోకి రానివ్వకూడదు, ఈ తెగులు ఒక ప్రాంతం నుంచి మరో ప్రాంతానికి పాకే దారుల్లో అదొకటి. కాయలు నాశనం చేయించి పరిహారం ఇవ్వడానికి నిధులు దొరికినప్పుడు, ఆ పరిస్థితే రాకుండా చూడడానికీ దొరకాలి.

ఒక హెచ్చరిక కూడా చేయవలసి ఉంది. ఏరివేత పేరుతో తోట నేలను చీపురుతో ఊడ్చినట్టు చేయడం, నీడ చెట్లను నరకడం మొదలైతే అది మరో నష్టం. ఆ ఆకుల పొరలోని చీమలు ఈ పురుగును తింటాయి. తోట చుట్టూ అడవి ఉంటే పక్షులూ తింటాయి. కోస్టారికా కాఫీ తోటల్లో పక్షుల వల్ల పురుగు ఉద్ధృతి దాదాపు సగానికి తగ్గిందని 2013లో ప్రచురితమైన అధ్యయనం తేల్చింది. తీయవలసింది కాయను మాత్రమే, ఆకునూ చెట్టునూ కాదు. ఈ తేడాను ఏరేవారికి తోటలోనే, వారి భాషలోనే చూపించి చెప్పే సిబ్బంది ప్రతి పంచాయతీకి ఉండాలి.

రాబోయే కోత ముగియక ముందే రాలిన కాయ కొనుగోలు ధరను ప్రకటించి, అరకు, పాడేరు, చింతపల్లి వారపు సంతల్లో దండోరా వేయించాలని అధికారులను కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
పాడేరు, అల్లూరి సీతారామరాజు జిల్లా