కేబుల్ లోపానికి తడి అని రాసి వారంటీ ఎగ్గొడతారా?

కస్టమర్ కేర్ వారికి,

విషయం: మెటల్ డిటెక్టర్ కాయిల్ మార్చి ఇవ్వాలి

మీ దగ్గర కొన్న మెటల్ డిటెక్టర్‌కి వారంటీ ఇంకా ఉంది. అయినా మీ సర్వీస్ సెంటర్ "తడి తగిలి పాడైంది, వారంటీ వర్తించదు" అని ఒక్క లైన్ కాగితం పెట్టి తిప్పి పంపేసింది. ఆ లైన్ తప్పు.

జరిగింది చెబుతాను. పాత ఇల్లు కూలగొట్టిన ఖాళీ స్థలం ఒకటుంది. కొత్త కట్టడం మొదలయ్యేలోపు పాత నాణేలేమైనా దొరుకుతాయేమో చూసుకుంటానని, దొరికిన ప్రతిదీ ముందు ఆయనకే చూపిస్తానని, తవ్విన ప్రతి గుంటా పూడుస్తానని యజమానికి రాసిచ్చి మరీ అనుమతి తెచ్చుకున్నాను. ఆయన ఇచ్చింది రెండే రోజులు. మొదటి రోజు పొద్దున్నే గడ్డి మీద మంచు ఆరకముందే దిగాను. గంటసేపు బాగానే నడిచింది. ఒకప్పుడు గడప ఉన్నచోట రాగి నాణెం ఒకటి దొరికింది, ఆకుపచ్చ చిలుము పట్టి, ఒకవైపు అంచు అరిగిపోయి ఉంది. రుద్దితే మిగిలిన అక్షరాలు కూడా పోతాయి కాబట్టి మట్టితోనే గుడ్డలో చుట్టి పెట్టాను. ఆ సంతోషం అరగంట కూడా నిలవలేదు.

నేల మీద ఊపే పళ్లెం లాంటి కాయిల్‌ని కుడి చివరకి ఊపిన ప్రతిసారీ బీప్. కింద ఏ లోహం ఉందో చెప్పే స్క్రీన్ మీది నంబర్ ఒకసారి వెండిది, మరుక్షణం ఇనుముది. తవ్వితే మట్టి తప్ప ఏమీ లేదు. పాత ఇళ్ల స్థలాల్లో తుప్పు మేకులు ఎక్కువని, పక్కనే మేకు ఉంటే నాణెం సిగ్నల్ మరుగున పడిపోతుందని, కరెంటు తీగల వల్ల కూడా రొద వస్తుందని నాకు తెలుసు. అందుకే మళ్లీ గ్రౌండ్ బ్యాలెన్స్ (మట్టిలోని ఖనిజాలకి మోగకుండా సరిచేయడం) చేశాను, సెన్సిటివిటీ సగానికి తగ్గించాను, ఫోన్ ఆపేశాను. అయినా అదే మోత. ఆ రోజు మొత్తం, మర్నాడు మొత్తం అలాగే పోయాయి. ఇప్పుడక్కడ పునాదులు లేచాయి, నేను మళ్లీ వెతికే వీలు ఇక లేదు. నా బాధంతా అదే.

ఇంటికొచ్చి ఒక పరీక్ష చేశాను. మేకు కూడా లేని ప్లాస్టిక్ స్టూల్ మీద కాయిల్ పెట్టి, చుట్టుపక్కల లోహం లేకుండా చూసుకుని ఆన్ చేశాను. చప్పుడు లేదు. ప్లగ్‌కి రెండంగుళాల ఇవతల కేబుల్‌ని వేలితో కొద్దిగా వంచాను, బీప్. వదిలాను, ఆగిపోయింది. ఇరవైసార్లు చేస్తే ఇరవైసార్లూ అంతే, వీడియో జత చేశాను. తర్వాత ఇదే మోడల్ ఉన్న మిత్రుడి కాయిల్ నా కంట్రోల్ బాక్స్‌కి, అంటే స్క్రీన్ ఉండే పెట్టెకి, తగిలిస్తే చక్కగా పనిచేసింది. అంటే బాక్స్‌లోకి తడి పోలేదు, లోపం కేబుల్ లోపలి తీగలో ఉంది. టేబుల్ మీద కదలకుండా పెట్టి చూస్తే ఇది బయటపడదు, వంచి చూడాలి. అయినా కాయిల్‌నీ కేబుల్‌నీ నీళ్లలో కూడా ముంచవచ్చని, బాక్స్ మాత్రం తడవకూడదని మీ పుస్తకంలోనే ఉంది కదా, మరి మంచుకే పాడైందంటే ఎలా ఒప్పుకోవాలి?

ఇంకో మాట, ఇది నా ఒక్కడి కోసం కాదు. మీ ప్రకటనలో "ఖాళీ స్థలం కనిపిస్తే చాలు, దిగిపోండి" అని ఉంది. ఖాళీగా ఉన్నంత మాత్రాన ఏ స్థలమూ దిక్కులేనిది కాదు, దానికి యజమాని ఉంటాడు. అడగకుండా దిగి గుంటలు వదిలేసి పోయేవాళ్ల వల్లే మాలాంటివాళ్లు అడిగినా గేటు తీయడం లేదు. అలాగే ఒక్క నాణెం అర మీటరు లోతున దొరుకుతుందని అట్టపెట్టె మీద వేశారు. చిన్న వస్తువుకి కాయిల్ నుంచి దూరం రెట్టింపైతే తిరిగొచ్చే సిగ్నల్ దాదాపు 64వ వంతుకి పడిపోతుంది. మామూలు నాణేనికి మంచి నేలలో కూడా 20, 25 సెంటీమీటర్లు దాటడం కష్టం. కొత్తగా కొనేవాళ్లకి ఆ నిజం చెప్పండి.

నాకు కావలసింది కొత్త కాయిల్, కేబుల్‌తో సహా, 15 రోజుల్లో, పైసా తీసుకోకుండా. తడి అని రాసిన ఆ కాగితాన్ని రద్దు చేస్తూ రాతపూర్వకంగా జవాబు కూడా ఇవ్వాలి. ఇవ్వకపోతే ఈ వీడియోతోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను.

జతచేసినవి: బిల్లు, వారంటీ కార్డు, సర్వీస్ సెంటర్ కాగితం, వీడియో.

ఇట్లు,
మీ కస్టమర్