సెట్ కూర్చుంది, రన్ లేచిపోయింది

ఒరే బావా,

"మూడక్షరాల ఇంగ్లీషు మాటల్లో ఏముందిరా, చిన్నపిల్లల మాటలు" అని ఫోన్లో తీసిపారేశావు చూడు, అది నాకు మింగుడు పడలేదు. అందుకే ఈ ఉత్తరం.

1989లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు రెండో కూర్పు 20 సంపుటాలుగా వచ్చినప్పుడు ఎక్కువ అర్థాలున్న మాటగా కిరీటం 'సెట్'దే. దాదాపు 430 అర్థాలు! తర్వాత నిఘంటువును తిరగరాస్తూ 2011లో 'రన్' దగ్గరికొచ్చారు. ఒక్క క్రియకే 645 అర్థాలు తేలాయి. పీటర్ గిలివర్ అనే సంపాదకుడు దానితో తొమ్మిది నెలలు కుస్తీ పట్టాడట. నన్నడిగితే ఈ పందెం కొంచెం తొండే. అప్పటికి సెట్‌ని ఇంకా తిరగరాయలేదు. పాత తూకంతో కొత్త తూకాన్ని పోలిస్తే ఎలా?

అసలు సెట్ ఒక్క మాట కాదురా. క్రియేమో 'కూర్చోబెట్టు' అనే పాత ఇంగ్లీషు మాట నుంచి వచ్చింది. పాత్రల సెట్టు, పుస్తకాల సెట్టు అంటామే, ఆ గుంపు అర్థం మాత్రం పాత ఫ్రెంచి గుండా లాటిన్ 'సెక్టా' నుంచి దిగింది. రెండూ కలిసి ఒకే చొక్కా తొడుక్కున్నాయి.

క్రియ సంగతి చూడు. పొద్దు గూకినా సెట్టే, సిమెంటు గట్టిపడినా సెట్టే, విరిగిన ఎముకను సరిచేసినా సెట్టే. కదిలేది ఒకచోట కుదురుకుంటే చాలు, సెట్ వచ్చి కూర్చుంటుంది.

రన్ దీనికి పూర్తిగా ఎదురు. ముక్కు కారినా, బట్టల రంగు దిగినా, యంత్రం ఆడినా, కంపెనీ నడిపినా వాళ్లకి పరుగే. మనమేమో కంపెనీని నడిపిస్తాం, సంసారాన్నీ నడిపిస్తాం, పరుగెత్తించం. ఎన్నికల దగ్గర ఇంకా తమాషా: అమెరికావాడు పరుగెడతాడు, బ్రిటన్‌వాడు మనలాగే నిలబడతాడు!

మరి మన నోట్లో ఏది పాతుకుంది? రన్ క్రికెట్ దగ్గర, రన్నింగ్ బస్సు దగ్గర ఆగిపోయింది. సెట్ మాత్రం ఇంట్లోకొచ్చేసింది. పెళ్లి సెట్టయింది, వాడికీ నాకూ సెట్టవ్వదు, లైఫ్ సెట్టు. అంకెల్లో రన్ గెలిస్తే గెలవనీ, నా ఓటు సెట్‌కే.

'పడు', 'పెట్టు' మన నిఘంటువుల్లో ఎంత మేర ఆక్రమించాయో నువ్వు లెక్కతీసి రాయి. నిద్ర పడుతుంది, బాకీ పడుతుంది, భయపడతాం... ఇక్కడే ఆపుతున్నా, లేకపోతే కాగితం చాలదు.

నీ
బావ