సైబర్ లా సీటుకు ముందు ల్యాబ్ చూడండి

సంపాదకులకు,

ఇంటర్ ఫలితాలు వస్తే చాలు, ‘లా ప్లస్ సైబర్ సెక్యూరిటీ’ ప్రకటనలు మొదలవుతాయి. తల్లిదండ్రులు ఫీజు అడుగుతారు, హాస్టల్ అడుగుతారు. ఆ డిగ్రీతో పిల్లవాడు నల్లకోటు వేసుకోగలడా అని అడిగేవారు తక్కువ.

ఇంటర్ తర్వాత నేరుగా చేరే సమీకృత లా కోర్సు ఐదేళ్లకు తగ్గకూడదని బార్ కౌన్సిల్ 2008 నిబంధనలు చెబుతున్నాయి. బీటెక్ ఎల్‌ఎల్‌బీ అయితే ఆరేళ్లు. నాలుగేళ్లకు మానేసినా బీటెక్ పట్టా మిగులుతుందిలే అనుకుంటే పొరపాటే. సమీకృత కోర్సును మధ్యలో విడగొట్టి ఒక డిగ్రీ ఇచ్చి పంపడానికి ఆ నిబంధనలు ఒప్పుకోవు. లా మీద గురి కుదరని విద్యార్థి మామూలు సీఎస్‌ఈ చదివి, లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరడమే మేలని మా అభిప్రాయం. ఏడాది ఎక్కువ పట్టినా నాలుగేళ్లకే ఒక పట్టా చేతికొస్తుంది. జనరల్ అభ్యర్థులకు డిగ్రీలో 45 శాతం మార్కులుండాలి. ఇక సైబర్ చట్టాల పీజీ డిప్లొమాలు విషయం నేర్పుతాయి గానీ, ఎల్‌ఎల్‌బీ లేకుండా వాటితో న్యాయవాదిగా నమోదు (ఎన్‌రోల్‌మెంట్) దొరకదు.

సిలబస్ సంగతి. ఐటీ చట్టంలో పాస్‌వర్డ్ వంటి గుర్తింపు దొంగతనంపై 66సి, కంప్యూటర్ ద్వారా వేరొకరిలా నటించి మోసగించడంపై 66డి సెక్షన్లు, అభ్యంతరకర సందేశాలపై ఉన్న 66ఎ ను సుప్రీంకోర్టు 2015లో కొట్టేసిన తీర్పు దాదాపు ప్రతి కాలేజీలోనూ చెబుతారు. కేసు నిలబడేదీ వీగేదీ మాత్రం ఎక్కువగా సాక్ష్యం దగ్గరే. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు రెండు భాగాల సర్టిఫికెట్ ఇవ్వాలి. ‘ఎ’ భాగం దాఖలు చేసేవారిది, ‘బి’ భాగం నిపుణుడిది. పరికరం మోడల్, సీరియల్ నంబరు, ఐఎంఈఐ వంటి వివరాలతో పాటు ఫైలు హ్యాష్ విలువ (ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే, వేలిముద్ర లాంటి అక్షరాల వరుస), దాన్ని ఏ పద్ధతిలో తీశారన్నదీ రాయాలి. పాత సాక్ష్య చట్టం 65బి సెక్షన్ కింద కూడా సర్టిఫికెట్ తప్పనిసరేనని 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

విద్యార్థి చేత్తో చేసి చూడాల్సింది ఇక్కడే. ఒక ఫొటోకు షా-256 అనే పద్ధతిలో హ్యాష్ తీస్తే 64 అక్షరాల వరుస వస్తుంది. ఫైలు పేరు మార్చి మళ్లీ తీయండి, అదే వరుస. అదే ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపి, అందుకున్న ఫోన్లోని కాపీకి తీయండి, పొంతనే ఉండదు, ఎందుకంటే వాట్సాప్ ఫొటోను కుదిస్తుంది. ఫిర్యాదుదారు ఫార్వర్డ్ చేసిన కాపీకి హ్యాష్ తీసి, దాన్నే అసలు ఫైలని సర్టిఫికెట్‌లో రాసిన ప్లీడరును అవతలి వకీలు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఊరికే వదలడు. హార్డ్ డిస్కుదీ ఇదే తంతు. రైట్ బ్లాకర్ (డిస్కు మీద ఏమీ రాయకుండా అడ్డుకునే పరికరం) లేకుండా కంప్యూటర్‌కు తగిలిస్తే విండోస్ తనంతట తానే దాని మీద ఏదో ఒకటి రాసేస్తుంది, స్వాధీనం నాటి హ్యాష్ తర్వాతి హ్యాష్‌తో కలవదు. స్వాధీనం చేసుకున్న ఫోన్‌ను నెట్‌వర్క్ నుంచి విడదీయకుండా ఉంచితే దూరం నుంచే అందులోని డేటా చెరిపేయొచ్చు.

ఇవి నేర్పడానికి కోట్లేమీ అక్కర్లేదు. రెండు పాత ల్యాప్‌టాప్‌లు, ఒక రైట్ బ్లాకర్, డిస్కులోని డేటాను పరిశీలించే, ఉచితంగా దొరికే ఆటాప్సీ సాఫ్ట్‌వేర్, వారానికి రెండు గంటలు చాలు. మూట్ కోర్టులో (విద్యార్థుల నమూనా కోర్టులో) ఆ సర్టిఫికెట్ మీదే వాదనలు పెట్టవచ్చు. మన విశ్వవిద్యాలయాలు దీన్ని మార్కులున్న ప్రాక్టికల్‌గా పెట్టాలి. లా పట్టభద్రులు ప్రాక్టీసు కోసం రాసే అఖిల భారత బార్ పరీక్షలో 100 ప్రశ్నలకు సైబర్ లా వాటా రెండే కాబట్టి, పరీక్ష భయంతో దీన్ని ఎవరూ నేర్చుకోరు.

అడ్మిషన్‌కు వెళ్లేవారు ఆ కోర్సుకు బార్ కౌన్సిల్ ఆమోదం ఏ విద్యా సంవత్సరం వరకు ఉందో కాగితం చూపమనండి. తర్వాత ల్యాబ్ తలుపు తీయించండి, నిరుడు విద్యార్థులు నింపిన 63వ సెక్షన్ సర్టిఫికెట్ నమూనా ఒకటి అడగండి.

– సైబర్ చట్టాల బోధకులు, విజయవాడ