గ్రైండరుకు రంపపు బ్లేడా?

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరు మారతహళ్లి చుట్టుపక్కల ఫ్లాట్లలో చెక్కపని చేసే మన వడ్రంగుల్లో కొందరు, చేతిలో ఉంది కదా అని ఇనుము కోయడానికి, అరగదీయడానికి వాడే 4 అంగుళాల గ్రైండరుకే పళ్ల బ్లేడు బిగించి, అడ్డొస్తోందని బ్లేడును కప్పి ఉంచే గార్డు కూడా తీసేసి ప్లైవుడ్ కోస్తున్నారు. నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరిగే ఆ బ్లేడు పన్ను చెక్కలో ఇరుక్కుంటే, యంత్రం రెప్పపాటులో మనిషి మీదికే ఎగిరివస్తుంది. ఈ పనికి సర్క్యులర్ సా (చెక్క కోసే గుండ్రటి రంపపు యంత్రం) ఉండనే ఉంది; దానికైనా బ్లేడు మీద ముద్రించిన గరిష్ఠ వేగం యంత్రం వేగానికి తగ్గకూడదు. 7 అంగుళాల బ్లేడులో, చెక్కను నార వెంబడి చీల్చడానికి 24 పళ్లది చాలు; సన్‌మైకా అంచు పెచ్చులూడకూడదంటే 60 పళ్లది మేలు. కూలి బేరమాడే ఇంటివారు గార్డున్న యంత్రం తెమ్మని కూడా అడగాలి. చేతి తొడుగులు రక్షణ అనుకోవడం పొరపాటు, అవి పళ్లకు చిక్కితే చేతిని లోపలికి లాగేస్తాయి.

– ఒక పాఠకుడు, బెంగళూరు