సిక్ లీవులో ఉండగా ఇచ్చిన రాజీనామా: కంపెనీ హెచ్‌ఆర్ విభాగానికి ఫిర్యాదు

హైదరాబాద్,
2026 జూన్ 15.

హెచ్‌ఆర్ విభాగం అధిపతి గారికి,
నమస్కారం.

విషయం: ఆపరేషన్ కోసం సిక్ లీవులో ఉండగా నేను చేసిన రాజీనామాను ‘అబ్‌స్కాండింగ్’గా (చెప్పకుండా ఉద్యోగం వదిలేసినట్టుగా) నమోదు చేసి, రిలీవింగ్ లెటర్ (ఉద్యోగం నుంచి విడుదల చేసినట్టు ఇచ్చే లేఖ), తుది బకాయిలు ఆపివేయడం గురించి.

మే నెలాఖరులో మీ విభాగం నాకు పంపిన ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ (తుది బకాయిల లెక్క) పత్రం మీద ఈ ఫిర్యాదు రాస్తున్నాను. ఆ పత్రం ప్రకారం నేను చెప్పాపెట్టకుండా ఉద్యోగం వదిలేసిన మనిషిని, పైగా కంపెనీకి డబ్బు బాకీ ఉన్నాను. రెండూ నిజం కావు. అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. ఆ పత్రంలో నా ఉద్యోగం ఒక్కో లెక్కకు ఒక్కో తేదీన ముగిసింది. ఏ తేదీ పెడితే నాకు తక్కువ వస్తుందో అక్కడ ఆ తేదీ పెట్టారు. నా ప్రధాన అభ్యంతరం ఇదే.

నేను 2019 అక్టోబర్ 14న మీ కంపెనీలో చేరాను. రాయదుర్గం ఆఫీసులో అమెరికా క్లయింట్ పని, దాదాపు ఎప్పుడూ రాత్రి షిఫ్టే. కిందటి ఏడాది దసరా తర్వాత నడుం నొప్పి ఎడమ కాలిలోకి దిగింది. ఎల్4, ఎల్5 పూసల మధ్య డిస్క్ జారి నరాన్ని నొక్కుతోందని ఎంఆర్‌ఐలో తేలింది. మందులు వాడాను, ఫిజియోథెరపీ చేయించుకున్నాను. డిసెంబర్ చివరికి పాదం తిమ్మిరెక్కి, బొటనవేలు పైకి లేపడానికి కూడా పట్టు చిక్కని స్థితి వచ్చింది. ఇక ఆలస్యం చేస్తే నరం దెబ్బతింటుందని న్యూరోసర్జన్ గట్టిగా చెప్పారు. సంక్రాంతి వెళ్లిన వారంలో సోమాజిగూడలోని ఒక ఆస్పత్రిలో ఆపరేషన్ జరిగింది.

ఇందులో కంపెనీకి తెలియకుండా జరిగింది ఏదీ లేదు. ఆపరేషన్‌కు ముందే సెలవు అడిగాను, మా మేనేజర్ మెయిల్‌లో మంజూరు చేశారు. క్యాష్‌లెస్ అనుమతి మీ ఇన్సూరెన్స్ డెస్క్ ద్వారానే వెళ్లింది. డిశ్చార్జ్ సమ్మరీ, డాక్టర్ సర్టిఫికెట్, తర్వాత సెలవు పొడిగించమని రాసిచ్చిన రెండో సర్టిఫికెట్ అన్నీ కంపెనీ పోర్టల్‌లో అప్‌లోడ్ చేశాను. నేను ఎక్కడున్నానో, ఎందుకు రాలేదో మీ రికార్డుల్లోనే ఉంది.

ఆపరేషన్ తర్వాత చూపించుకోవడానికి వెళ్లినప్పుడు, ఇకమీదట గంటల తరబడి ఒకేచోట కూర్చోవడం, రాత్రిళ్లు మేలుకోవడం తగ్గించుకోవాలని డాక్టర్ చెప్పారు. ఆ కాగితం జతచేసి పగటి షిఫ్టుకు మార్చమని గానీ, కొన్నాళ్లు ఇంటి నుంచి పనిచేయనివ్వమని గానీ అడిగాను. క్లయింట్ ఒప్పుకోరు, రెండూ కుదరవు అని జవాబు వచ్చింది. ఆ జవాబు చూశాకే, ఇంట్లో అందరం మాట్లాడుకుని, ఫిబ్రవరి 9న పోర్టల్‌లో రాజీనామా పెట్టాను. కారణం కూడా దాచకుండా రాశాను. పోర్టల్ తనంతట తానే 90 రోజుల నోటీసు లెక్కగట్టి, చివరి పనిదినం మే 10 అని చూపించింది. మేనేజర్ దాన్ని ఆమోదించారు. ఆ స్క్రీన్‌షాట్ ఈ లేఖతో పంపుతున్నాను.

మార్చి మొదటి వారంలో మీ విభాగం నుంచి ఇంకో మెయిల్ వచ్చింది. సిక్ లీవులో ఉన్న రోజులు నోటీసులోకి రావని, నేను ఆఫీసుకు తిరిగి వచ్చిన రోజు నుంచే 90 రోజులు మొదలవుతాయని అందులో ఉంది. నా అపాయింట్‌మెంట్ లెటర్ మళ్లీ మళ్లీ చదివాను. ఖాతాలో మిగిలిన ఎర్న్‌డ్ లీవును (పనిచేసిన రోజులకు జమయ్యే సెలవును) నోటీసు కింద సర్దుబాటు చేయమని ఉద్యోగి అడగకూడదు అని మాత్రమే అందులో ఉంది. నేను అలా అడగలేదు. డాక్టర్ సర్టిఫికెట్ మీద తీసుకున్న జబ్బు సెలవు గురించి ఆ లెటర్‌లో ఒక్క వాక్యం లేదు. ఒకసారి ఆమోదించిన చివరి తేదీని, నన్ను అడగకుండా, ఒప్పందంలో లేని నియమంతో ఎలా రద్దు చేశారో రాతపూర్వకంగా చెప్పండి.

నోటీసు కాలంలో నేను పని ఎగ్గొట్టలేదు. కూర్చోలేని రోజుల్లో మంచం మీద పడుకునే ఫోన్‌లో మా టీమ్ పిల్లలకు ఎస్కలేషన్లు (పై స్థాయికి వచ్చే ఫిర్యాదులు) ఎలా చూడాలో నేర్పాను. నెలాఖరు రిపోర్టుల పద్ధతి అంతా రాసిపెట్టి షేర్డ్ ఫోల్డర్‌లో ఉంచాను. డాక్టర్ కాస్త కూర్చోవచ్చన్నాక, మిగిలిన నోటీసు రోజులు ఇంటి నుంచి పూర్తి చేస్తానని మెయిల్ పెట్టాను. దానికి జవాబు రాలేదు. పోర్టల్‌లో మాత్రం నా పేరు పక్కన అబ్‌స్కాండింగ్ అని కనిపించింది. ఆరేళ్లకు పైగా పనిచేసిన చోట ఆ మాట చూసి నేనెంత ఏడ్చానో మా ఇంట్లో వాళ్లకు తెలుసు.

ల్యాప్‌టాప్ విషయం కూడా చెప్పాలి. నా సంతకంతో అథరైజేషన్ లెటర్, ఐడీ కార్డు ఇచ్చి మావారిని పంపించాను. ఉద్యోగే స్వయంగా రావాలని సెక్యూరిటీ దగ్గరే ఆపేశారు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి రాయదుర్గం దాకా, స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా నడుం పట్టుకుంటూ కారులో నేనే వచ్చాను. రిసెప్షన్‌లో టోకెన్ ఇచ్చి కూర్చోమన్నారు. కూర్చోలేక గోడకు ఆనుకుని నిలబడ్డాను. నా టీమ్‌లో పనిచేసిన అమ్మాయి చూసి, లోపలికి వెళ్లి బతిమాలితే గానీ ఐటీ అసెట్స్ వాళ్లు బయటికి రాలేదు. వెన్నుకు ఆపరేషన్ అయిన మనిషి ఇంటికి కొరియర్ పంపి ఆ యంత్రాన్ని తెప్పించుకోవడం మీకు పెద్ద పని కాదు.

ఇప్పుడు తేదీల సంగతి. ఇన్సూరెన్స్ కోసం నా ఉద్యోగం ఫిబ్రవరి 9నే ముగిసిందని బీమా సంస్థకు రాశారు. దాంతో డిశ్చార్జ్ తర్వాత 60 రోజుల దాకా పాలసీలో ఉన్న మందులు, ఫిజియోథెరపీ ఖర్చుల క్లెయిమ్ తిరస్కరించారు. నాతో పాటు పాలసీలో ఉన్న మావారికి, మా బాబుకి కూడా అదే రోజు నుంచి రక్షణ పోయింది. మాకు ఒక్క మెయిల్ కూడా రాలేదు. గ్రాట్యుటీ (పనిచేసిన ఏళ్లను బట్టి ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే డబ్బు) లెక్కలోనూ ఫిబ్రవరి 9నే తీసుకుని ఆరేళ్లు రాశారు. మే 10 వరకు లెక్కిస్తే ఆరేళ్ల ఆరు నెలలు దాటుతుంది. ఆరు నెలలు మించిన భాగాన్ని పూర్తి ఏడాదిగా తీసుకోవాలని చట్టంలోనే ఉంది కాబట్టి ఏడేళ్లు అవుతుంది. నోటీసు దగ్గరికి వచ్చేసరికి అసలు మొదలే కాలేదని 90 రోజుల జీతం కోత వేశారు. ఉద్యోగం ఫిబ్రవరి 9న ముగిసి ఉంటే మార్చిలో నేను ఎక్కడి నుంచి అబ్‌స్కాండ్ అయ్యాను? మే 10 వరకు ఉద్యోగంలో ఉన్నట్టయితే నా ఇన్సూరెన్స్ ఎందుకు తీసేశారు?

జనవరిలో ఇచ్చిన సిక్ లీవు జీతాన్ని కూడా లాస్ ఆఫ్ పేగా (జీతం లేని సెలవుగా) మార్చి వెనక్కి తీసుకున్నారు. తెలంగాణ దుకాణాలు, సంస్థల చట్టం 1988 ప్రకారం జబ్బు చేసిన ఉద్యోగికి ఏడాదికి 12 రోజుల దాకా జీతంతో కూడిన సెలవు హక్కుగా ఉంది. ఐటీ, ఐటీ సేవల కంపెనీలకు పని వేళలు, రాత్రి షిఫ్టుల వంటి వాటిలో ప్రభుత్వం మినహాయింపులు ఇచ్చింది కానీ ఈ సెలవుకు ఇవ్వలేదు. రాజీనామా చేస్తే ఈ హక్కు వెనక్కి పోతుందని ఆ చట్టంలో ఎక్కడా లేదు.

గ్రాట్యుటీని నోటీసు కోతలో కలిపేయడం ఇంకా తప్పు. తన ప్రవర్తన వల్ల ఉద్యోగం నుంచి తొలగించిన మనిషికే, అదీ ఆస్తికి నష్టం చేయడం, హింసాత్మకంగా ప్రవర్తించడం వంటి కారణాలుంటేనే, గ్రాట్యుటీ ఆపగలరు. నేను రాజీనామా చేశాను. ఇక అనారోగ్యంతో, సెలవుతో పనికి రాలేని రోజులను నిరంతర సేవలోనే లెక్కించాలని గ్రాట్యుటీ నిబంధనలు మొదటి నుంచీ చెబుతున్నాయి. ఆ డబ్బు 30 రోజుల్లో చెల్లించాలి, గడువు దాటితే వడ్డీతో. మే 10 నుంచి ఆ గడువు కూడా దాటిపోయింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ అనే చట్టం ప్రకారం రాజీనామా చేసిన ఉద్యోగికి రావలసిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి.

నాకు ఇంటి దగ్గర్లో పగటి ఉద్యోగం ఒకటి చేతిదాకా వచ్చింది. వాళ్లు రిలీవింగ్ లెటర్ అడుగుతున్నారు, వెరిఫికేషన్ కోసం మీకు ఫోన్ చేస్తారు కూడా. అప్పుడు మీ రికార్డులో ఉన్న ఆ అబ్‌స్కాండింగ్ ముద్ర నా ఆరేళ్ల పనిని తుడిచేస్తుంది. పీఎఫ్‌లో మానేసిన తేదీ సంగతీ అంతే. ఆఖరి చందా పడ్డాక రెండు నెలలకు నేనే నమోదు చేసుకోవచ్చు. కానీ మీరు ముందే తప్పు తేదీ వేస్తే, దాన్ని దిద్దించుకోవడానికి మళ్లీ నేనే తిరగాలి.

ఇది నా ఒక్కదాని సమస్య కాదు కాబట్టి కూడా ఇంత వివరంగా రాస్తున్నాను. నాకు జరిగింది చూసి మా టీమ్‌లో ఒక అమ్మాయి థైరాయిడ్ ఆపరేషన్ వాయిదా వేసుకుంది. సెలవు పెడితే ఏం చేస్తారోనని టెన్షన్. పాతికేళ్ల పిల్లలు నడుముకు బెల్టు కట్టుకుని రాత్రంతా కూర్చుంటున్నారు. ఆపరేషన్ చేయించుకుంటే ఉద్యోగంతో పాటు మంచిపేరు కూడా పోతుందని వాళ్లు భయపడే స్థితి రావడం నాకు చాలా బాధగా ఉంది. ఆ పిల్లల్లో కొందరిని ఇంటర్వ్యూ చేసి తీసుకున్నదాన్ని నేనే.

నేను అడుగుతున్నది ఇది. అన్ని లెక్కలకూ నా చివరి పనిదినం మే 10గానే ఉంచండి. అబ్‌స్కాండింగ్ నమోదును రాతపూర్వకంగా రద్దు చేసి, రాజీనామా ఆమోదించినట్టు రిలీవింగ్ లెటర్, సర్వీస్ సర్టిఫికెట్ ఇవ్వండి. నోటీసు కోత, సిక్ లీవు కోత తీసేసి, మిగిలిన ఎర్న్‌డ్ లీవు డబ్బుతో కలిపి తుది లెక్క కొత్తగా పంపండి. గ్రాట్యుటీ ఏడేళ్లకు, ఆలస్యానికి వడ్డీతో చెల్లించండి. పీఎఫ్‌లో అదే తేదీ వేయండి. ఇన్సూరెన్స్ సభ్యత్వాన్ని మే 10 వరకు సరిచేయమని బీమా సంస్థకు మీరే రాయండి. వాళ్లు ఒప్పుకోకపోతే, తిరస్కరించిన ఆ బిల్లుల మొత్తం కంపెనీ భరించాలి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు మెయిల్‌లోనే ఇవ్వండి, ఫోన్‌లో వద్దు. ఇంతకు ముందు ఫోన్‌లో ఇచ్చిన మాటలేవీ కాగితం మీదకు రాలేదు. గడువులోగా పరిష్కారం రాకపోతే జీతం, గ్రాట్యుటీల మీద ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని టి. అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో కార్మిక శాఖకు, పీఎఫ్ మీద బర్కత్‌పురా కార్యాలయానికి ఫిర్యాదు చేస్తాను. ఆ దరఖాస్తులు సిద్ధంగానే ఉన్నాయి.

జతచేసినవి: అపాయింట్‌మెంట్ లెటర్, సెలవు మంజూరు మెయిల్, డిశ్చార్జ్ సమ్మరీ, రెండు డాక్టర్ సర్టిఫికెట్లు, మే 10 తేదీ చూపుతున్న పోర్టల్ స్క్రీన్‌షాట్, ల్యాప్‌టాప్ అప్పగించిన రసీదు, బీమా సంస్థ తిరస్కరణ లేఖ, మీరు పంపిన సెటిల్‌మెంట్ పత్రం.

ఇట్లు,
మాజీ టీమ్ లీడ్, ఆపరేషన్స్ విభాగం,
రాయదుర్గం ఆఫీసు.