షట్టర్ మేస్త్రికి, ఆటో తమ్ముడికి మా అమ్మ తరఫున నమస్కారాలు

పోయిన సోమవారం పొద్దున వాన ఎట్లా కొట్టిందో మన వేదాయపాళెం వాళ్ళకు చెప్పనక్కర్లేదు. అమ్మకు వారానికి మూడు సార్లు డయాలసిస్. ఆరున్నరకు కారు తీద్దామని స్విచ్ నొక్కితే షెడ్డు షట్టర్ అడుగెత్తు లేచింది, పైన ధన్‌మని చప్పుడైంది, అంతే. మోటారు మూలుగుతోంది గానీ తిరగడం లేదు. కరెంటు లేనప్పుడు లాగే తాడొకటి ఉంది కదా, దాంతో మోటారు వదిలించి చేత్తో ఎత్తేద్దామని పట్టుకున్నాను. ఎదురింటి అన్న గేటు దగ్గర్నుంచే అరిచాడు: "లాగబాకమ్మా! మేస్త్రి వస్తుండాడు, ఉండు!"

ఈలోగా వీధి చివర ఆగి ఉన్న ఆటో తమ్ముడు అమ్మను రెండు చేతులమీద ఎత్తి కూర్చోబెట్టుకున్నాడు. మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జిలో నీళ్ళు నిలిచాయని చుట్టూ తిప్పి, టైముకు ఆస్పత్రిలో దించాడు.

మేస్త్రి తడుస్తూనే వచ్చాడు. మెయిన్ ఆపేసి, సరుగుడు బాదులు అడ్డం పెట్టించి, ఆ తర్వాతే తాడు లాగాడు. నలుగురు పట్టినా షట్టర్ కదలడానికి కష్టమైంది. "మోటారుది తప్పేం లేదమ్మా, స్ప్రింగు తెగిపోయింది" అన్నాడు. పైన పైపులో చుట్టుకుని ఉండే స్ప్రింగులే షట్టర్ బరువు మోస్తాయట, మోటారు తిప్పడం వరకే. అవి తెగాక నేను ఆ తాడు లాగి ఉంటే మొత్తం బరువు ఒక్కసారిగా కిందికొచ్చేది. అప్పుడు మా ఆరేళ్ళ బాబు షట్టర్ కింద నుంచి లోపలికి తొంగి చూస్తున్నాడు. ఇది రాస్తుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి. అన్నా, నీ కేకకు మేము జన్మంతా రుణపడి ఉంటాం.

ఒక షాపులో ఫోన్లోనే కొత్త మోటారు వేయించుకోమన్నారు. మేస్త్రి వద్దన్నాడు. ఒకటి తెగితే రెండోదీ అంతే పాతది కాబట్టి స్ప్రింగులు జతగా మార్చాడు. పక్క పట్టాల్లో చిక్కగా పట్టిన పాత గ్రీజు, ఇసుక గీకేసి పలచగా నూనె రాశాడు. చివర్న మోటారు వదిలించి షట్టర్‌ను నడుము ఎత్తులో ఆపి చెయ్యి తీశాడు. అది అక్కడే నిలబడింది. పైకి గానీ కిందికి గానీ జారితే స్ప్రింగు బిగింపు సరిగా లేనట్టే, అప్పుడు మోటారు వాడకుండా తనను పిలవమన్నాడు.

డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు ఇంకో మాట చెప్పాడు. అడ్డం ఏదైనా వస్తే తలుపు తిరిగి పైకి పోయే ఏర్పాటు అక్కడ 1993 నుంచి తయారయ్యే ఇళ్ళ గ్యారేజీ మోటార్లకు తప్పనిసరి అట. మాదానికి అదేమీ లేదు. అడిగితే మేస్త్రి మర్నాడే వచ్చి కింద రెండు వైపులా సెన్సార్ కళ్ళు బిగించాడు. సామాను ఖర్చు తప్ప కూలి తీసుకోలేదు.

ఆటో తమ్ముడూ, ఆ హడావుడిలో నీ పేరు కూడా అడగలేదు, డబ్బులు ఇవ్వబోతే నువ్వు ఆగలేదు. ఇది చదివితే ఒకసారి ఇంటికి రా నాయనా. అమ్మ రోజూ నిన్ను అడుగుతోంది.