పోటు వేళలు కూడా వెయ్యండి

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ జిల్లా పేజీలో రోజూ తిథి, వర్జ్యం, రాహుకాలం వేస్తున్నారు. వాటి కింద ఇంకో రెండు లైన్లకు చోటివ్వమని అడగడానికే ఈ ఉత్తరం. కాకినాడ దగ్గర ఆ రోజు పోటు (సముద్రం నీరు ఎక్కడం) ఎన్నింటికి, పాటు (ఆ నీరు తీసెయ్యడం) ఎన్నింటికి అన్నది వెయ్యండి.

సెలవు వచ్చిందంటే కాకినాడ నుంచి కోరంగి మడ అడవికి కార్లూ ఆటోలూ బారులు తీరతాయి. యానాం రోడ్డు మీద ఇరవై కిలోమీటర్ల లోపే. టికెట్ ఎంత, కారు ఎక్కడ పెట్టాలి, భోజనం ఎక్కడ అన్నవి అందరూ ముందే కనుక్కుంటారు. నీళ్ల సంగతి మాత్రం ఎవరూ అడగరు. రేవు మెట్ల కింద బురద తేలి ఉంటే అప్పుడు మొదలవుతుంది, "పడవ ఎప్పుడు తీస్తారండీ?" అని. "నీళ్లెక్కాలండి" అంటారు పడవవాళ్లు. అది గంటో నాలుగు గంటలో చెప్పే బోర్డు ఉండదు. పిల్లలు ఎండలో ఏడుస్తుంటారు, పెద్దలు పడవవాళ్ల మీద విసుక్కుంటారు. వాళ్లేం చేస్తారు పాపం.

మన తీరంలో సముద్రం రోజుకు రెండుసార్లు పోటెత్తుతుంది, రెండుసార్లు తీస్తుంది. పోటుకీ పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంచేత ఇవాళ్టి పోటు రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఏడు రోజులకు ఈ ఆలస్యం ఆరు గంటలకు దగ్గరపడుతుంది. అంటే ఈ ఆదివారం పదింటికి పాయ నిండుగా ఉంటే, వచ్చే ఆదివారం అదే పదింటికి అడుగంటి ఉంటుంది. "పదింటికల్లా వెళ్లిపోండి, పడవ షికారు బ్రహ్మాండం" అని పోయినవారం వెళ్లొచ్చిన చుట్టం చెప్పిన సలహా ఈ వారం బెడిసికొట్టేది ఇందుకే. ఆయన అబద్ధమాడలేదు, వారం మారిందంతే. అమావాస్య, పున్నమి దాటిన ఒకటి రెండు రోజులు మరీ జాగ్రత్తగా ఉండాలి. పోటు బాగా ఎక్కుతుంది, పాటుకు అంతే బాగా తీసేస్తుంది. అష్టమి దాటిన రోజుల్లో ఆ తేడా తక్కువ.

జనం ఒత్తిడికి తలొగ్గి పాటులో పడవ తీస్తే జరిగేది ఇది. అడుగు బురదకు తగులుతుంది. వెనక్కి లాగబోతే ఫ్యాను బురదను చిలుకుతుంది. ఇంజన్ను చల్లబరిచే నీటి గొట్టంలోకి ఆ బురదే వెళ్లి ఇంజన్ వేడెక్కి ఆగుతుంది. ఏమైందో చూద్దామని అందరూ లేచి ఒక పక్కకు వస్తారు. అసలు ప్రమాదం అక్కడ. లైఫ్ జాకెట్లేమో బకిళ్లు పెట్టకుండా భుజాన తగిలించుకుని ఉంటారు. నీళ్లలో పడ్డాక అలాంటి జాకెట్ తల మీదుగా ఊడిపోతుంది. కాకినాడ ఎదుట సముద్రంలో ఉన్న హోప్ ఐలాండ్‌కి వెళ్లే పడవలకూ ఇదే బెడద. పెద్ద ఓడలు దూరాన లంగరేస్తే బార్జిల మీద సరుకు దించుకున్న ఊరు మనది. మన అఖాతం లోతు ఎంత తక్కువో దాన్నిబట్టే తెలుస్తుంది.

అలాగని పాటు వేళకు వెళ్లినవాళ్లు నష్టపోయారని అనం. పడవ లేకపోతే చెక్క వంతెన ఉంది. దాని మీద నడవడానికి పాటే మంచిది. బురదలోంచి మేకుల్లా లేచిన మడ చెట్ల ఊపిరి వేళ్లు, ఒక్క డెక్కే పెద్దదిగా ఉండే పీతలు, రెక్కల మీద ఊతమిచ్చుకుని గెంతే బురద చేపలు అప్పుడే కనిపిస్తాయి. నిండు పోటులో ఇవన్నీ నీళ్ల కింద ఉంటాయి. కొమ్మలు మాత్రం విరచనివ్వకండి, తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం.

వేళ తెలిస్తే రోజంతా దాన్నిబట్టి సర్దుకోవచ్చు. కోరంగి, యానాం, ద్రాక్షారామం కలిపి చుట్టి వచ్చేవాళ్లే ఎక్కువ. గుడి తలుపులు మధ్యాహ్నం వేసేస్తారు కాబట్టి, పోటు పొద్దున్నే ఉంటే ముందు కోరంగి, యానాంలో భోజనం, సాయంత్రం తలుపులు తీశాక ద్రాక్షారామం. పోటు మధ్యాహ్నం దాటాక ఉంటే తిరగేసి, తెల్లవారగానే బయల్దేరి ముందు భీమేశ్వరుడి దర్శనం, యానాం మీదుగా వస్తూ చివరికి కోరంగి. దూరం రెండింటికీ ఒకటే. అంతర్వేదిని కూడా ఇందులో ఇరికించేవాళ్లున్నారు. వద్దండీ, దానికి వేరే రోజు పెట్టుకోవాలి.

సర్వే ఆఫ్ ఇండియా ఏటా పోటుపాట్ల పట్టిక ముందుగానే ప్రచురిస్తుంది కాబట్టి ఈ వేళల కోసం ఎవరూ కొత్తగా లెక్క కట్టనక్కర్లేదు. వేళతో పాటు మీటర్లలో ఎత్తు కూడా వేస్తే ఇంకా మేలు. ఒక్క చిక్కుంది. అచ్చయ్యే వేళ సముద్రం ఒడ్డుది, పాయల్లోకి నీరు చేరేసరికి ఇంకాస్త సమయం పడుతుంది. దానికి కోరంగి రేవు దగ్గర ఒక కొయ్య పాతి, అర అడుగుకో గీత పెయింటు వేసి, పదిహేను రోజులు పోటెక్కిన వేళ రాసుకుంటే చాలు. అమావాస్య నుంచి పున్నమి దాకా అన్ని రకాల పోట్లూ ఆ పక్షంలో వచ్చేస్తాయి, ఆలస్యం ఎంతో తేలిపోతుంది. ఏ గీత కిందికి నీరు దిగితే పడవ తియ్యకూడదో పడవవాళ్లే చూపిస్తారు, అక్కడ ఎర్రరంగు వెయ్యాలి. వరద రోజుల్లో, వాయుగుండం పట్టినప్పుడు ఈ లెక్కలు తప్పుతాయి. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులు చేరి మొదటి హెచ్చరిక ఇచ్చారంటే పట్టిక చూడటం మానేసి ప్రయాణమే వాయిదా వేసుకోవాలి. ఆ హెచ్చరికలు మీరు ఎలాగూ మొదటి పేజీలో వేస్తున్నారు.

ఆ రోజు పోటు వేళలు రాసిన బోర్డు కోరంగి గేటు దగ్గరా, కాకినాడ ఆర్టీసీ కాంప్లెక్సులోనూ పెట్టాలని అధికారులను కోరుతున్నాం. కోరంగి గేటు దగ్గర ఒక్కచోటే పెడితే, చదివేసరికే జనం అక్కడిదాకా వచ్చేసి ఉంటారు. పత్రికలో అయితే ముందురోజు పొద్దున్నే తెలియాలి, కాబట్టి శనివారం పేపర్లో ఆదివారం వేళలు కూడా కలిపి వెయ్యండి.

ఇట్లు,
కోరంగి దారి ఎరిగిన కొందరు పాఠకులు,
కాకినాడ